పు లువాంగ్‌లో ఎన్ని రాత్రులు

వియత్నాం కొండల్లోని పు లువాంగ్‌కు రెండు రాత్రులు చాలని నాకు ముగ్గురు చెప్పారు. ముగ్గురూ అక్కడికి వెళ్లొచ్చినవాళ్లే. అందుకని రెండు రాత్రులకే బస మాట్లాడాను. మూడో రోజు మధ్యాహ్నం ఒంటిగంట వ్యానుకు రెండు సీట్లు, ఆ మర్నాడు హాలాంగ్ సముద్రంలో పడవకు రెండు టికెట్లు ముందే కొనేశాను. చివరికి మేం అక్కడ ఉన్నది నాలుగు రాత్రులు.

ఈ ప్రయాణం కువైట్‌లో, ఫహాహీల్‌లోని మా ఇంట్లో ఒక శుక్రవారం మొదలైంది. రమణమ్మ మిష్రిఫ్‌లో ఒక కువైటీ ఇంట్లో పంతొమ్మిదేళ్లుగా పనిచేస్తోంది. ఆమెది రాయచోటి దగ్గర పల్లె, మాది కడప. వారానికి ఒక్క సెలవు, ఆ రోజు బస్సెక్కి మా ఇంటికి వస్తుంది. వచ్చాక నా వంటింటి గట్టు తుడిచి గాని కూర్చోదు. వద్దంటే నొచ్చుకుంటుంది.

ఆమె కువైట్ వచ్చిన పనులన్నీ అయిపోయాయి. ఊళ్లో ఇల్లు లేచింది, ఇద్దరు కూతుళ్లూ వాళ్ల బతుకుల్లో కుదురుకున్నారు. డిసెంబరులో, ఇక్కడ ఉండడానికిచ్చే ఇఖామా గడువు తీరుతుంది. ఇంటి యజమానురాలు, ఆమె మాటల్లో మామా, ఇంకో రెండేళ్లకు పొడిగిద్దామని అడుగుతోంది. రమణమ్మ అవుననలేదు, కాదనలేదు.

“పెద్దామె నా చేత్తో పెడితేనే తింటాదక్కా,” అంది ఆ రోజు. పెద్దామె అంటే మామా తల్లి, మంచం మీదే ఉంటుంది. “ఇంటికి పోతే మాత్రం ఏం చేసేది? ఊరికే కూచ్చుంటే నాకు చేతులు తీట పెడతాయి.”

మా వారికి సెలవు దొరకలేదు, వియత్నాం వెళ్లడానికి తోడు లేక ఆగిపోయానని చెప్పాను. ఆమె ఆడ ఏముండాదని అడిగింది. కొండలు, వరిమళ్లు అన్నాను.

“మన పక్క లేవా వరిమళ్లు?”

“ఉన్నాయి. అక్కడివి నువ్వు కొయ్యక్కర్లేదు.”

నవ్వింది. వారం తిరక్కుండా మామా బీరువాలోంచి పాస్‌పోర్టు తీసి ఇచ్చిందని ఫోన్ చేసింది. పన్నెండు రోజుల సెలవు. తిరిగొచ్చిన రోజు జవాబు చెప్పాలి, అంతే షరతు. మామా మంచిదేనని ఇక్కడ చెప్పి తీరాలి. జీతం ఏ నెలా ఆగలేదు, ఆ పాస్‌పోర్టు కూడా అడిగిన పూటే చేతికొచ్చింది.

వీసా ఆన్‌లైన్‌లోనే, వారంలోపు వచ్చింది. సెప్టెంబరు చివర్లో బయల్దేరాం. కువైట్‌లో ఇంకా సెగ తగ్గలేదు. సాయంత్రం అయిదింటికి విమానం, దోహాలో మారాలి, తెల్లారి ఏడింటికి హనోయి. విమానంలో భోజనం అయ్యాక రమణమ్మ నా ట్రే తన ట్రే మీద పెట్టి, ముందున్న బల్ల కాగితంతో తుడిచి, రెండూ పట్టుకుని లేచి వెనక్కి నడిచింది. విమానంలో పనిచేసే అమ్మాయి సగం దారిలో ఎదురొచ్చి చేతుల్లోంచి తీసుకుంది. ఇద్దరూ ఒకరికొకరు క్షమాపణ చెప్పుకున్నారు.

ఒకరోజు హనోయిలో విశ్రాంతి తీసుకుని మర్నాడు ఉదయం ఏడున్నరకు పాతబస్తీలో వ్యాను ఎక్కాం. తొమ్మిది సీట్ల వ్యాను, మనిషికి నాలుగున్నర దీనార్లు. బస దగ్గరే ఎక్కించుకుని బస దగ్గరే దింపుతారు. పక్క సీట్లో సొంతూరు వెళ్తున్న ఒక బడిపంతులమ్మ కూర్చుంది. ఇంగ్లీషు బాగా మాట్లాడింది. ఎన్ని రాత్రులని అడిగితే రెండని చెప్పాను. అందరూ రెండే అంటారని, మూడో రోజు వ్యాను దగ్గర నిలబడి వెనక్కి వెనక్కి చూస్తారని అంది.

మూడు గంటలు మైదానం. తర్వాత దారి మెలికలు తిరిగి పైకెక్కింది. పన్నెండున్నరకు డ్రైవరు ఒక మలుపులో వ్యాను ఆపి అద్దం దించాడు. లోయ మొత్తం పండిన వరి. కొండ నడుము నుంచి అడుగు దాకా మెట్లు మెట్లుగా మళ్లు, ఒక్కో మెట్టుదీ ఒక్కో పసుపు. ఇంకా కోతకు రానివి మధ్యమధ్య ఆకుపచ్చగా ఉన్నాయి. వెదురు పొదల్లో తాటాకు లాంటి ఆకుల కప్పుల ఇళ్లు, పైన ఉదయపు మంచు మధ్యాహ్నమైనా వదలని సున్నపురాతి కొండలు. నేను చాలా లోయలు చూశాను. ఇంత ఓపికగా మనిషి చెక్కిన లోయను చూడలేదు.

రమణమ్మ చాలాసేపు చూసి, “గట్లు ఎంత నున్నగా పెట్టినారక్కా,” అంది.

మా బస ఒక కొయ్య స్తంభాల ఇల్లు. కింద బర్రెగొడ్డు, రెండు మోటారుసైకిళ్లు. మెట్లెక్కితే వెదురు బద్దలు పరిచిన ఒకే పొడవాటి గది. వరుసగా పరుపులు, పరుపుకొక దోమతెర, మధ్యలో గుడ్డ తెరలు. రెండు పూటల తిండితో సహా మనిషికి రాత్రికి ఆరు దీనార్లలోపే. ఇంటి పెద్ద ఒక ముసలామె. అందరూ ఆమెను బా అని పిలుస్తారు, అంటే అవ్వ. కోడలు హోవాకు ఇంగ్లీషు వచ్చు. మాతోపాటు ఒక ఫ్రెంచి జంట దిగింది.

రాత్రి భోజనం ఆరున్నరకే. చాప మీద పెద్ద పళ్లెం, దాని చుట్టూ అందరం. బాతు కూర, ఏటి చేప, ఉడికించిన ఆకుకూర. అన్నం గిన్నె మాత్రం చాప చివర విడిగా ఉంది. రమణమ్మ ఎవరూ చెప్పకుండానే పోయి ఆ గిన్నె పక్కన కూర్చుంది. అందరి గిన్నెల్లో అన్నం పెట్టింది, ఖాళీ అయినప్పుడల్లా చెయ్యి చాపి అందుకుని మళ్లీ పెట్టింది, తను చివర్లో తింది. హోవా నవ్వుతూ నాతో ఆ చోటు కథ చెప్పింది. వాళ్లలో గిన్నె పక్కన కూర్చున్నవాళ్లే అందరికీ పెట్టాలి. పెళ్లయి వచ్చిన రోజు నుంచి అది తన చోటు. ఇవాళ తీరిగ్గా బాతు తిన్నానంది. ఆ మాట తెలుగులో చెబితే రమణమ్మ సంతోషపడింది.

మర్నాడు పొద్దున కేకలకు మెలకువ వచ్చింది. రమణమ్మ అలవాటు చొప్పున నాలుగున్నరకే లేచింది. గది ఊడ్చింది. ఫ్రెంచి జంట సూర్యోదయం ఫొటోలు తీసుకోవడానికి బయటికి పోయారు. పరుపులు ఖాళీగా కనబడగానే ఆమె వాళ్ల దుప్పట్లు మడిచి, దోమతెర చుట్టి, సంచులు సర్ది తెచ్చి మెట్ల దగ్గర పెట్టేసింది. వాళ్లు తిరిగొచ్చి చూసుకుని, ఇల్లు ఖాళీ చెయ్యమన్నారనుకున్నారు. మూడు రాత్రులకు డబ్బు కట్టామని ఫోనులో రసీదు చూపిస్తూ హోవా వెంటపడ్డారు. సంగతి తెలిశాక అందరికంటే ఎక్కువ నవ్వింది వాళ్లే. రమణమ్మ మాత్రం నవ్వలేదు. చీపురు పట్టుకుని మూల నిలబడిపోయింది.

బా లేచి దగ్గరికి వచ్చి చీపురు తీసుకుని గోడకు ఆనించింది.

ఆ పగలంతా ఊళ్లో, చుట్టుపక్కల, జలపాతం దాకా నడిచాం. మూడో రోజు ఉదయం ఎనిమిదింటికల్లా రమణమ్మ రెండు సంచులూ కట్టేసింది, నాది కూడా. వ్యానుకు ఇంకా అయిదు గంటలుంది కదా అని ఏటి దగ్గర నీటి చక్రాలు చూడబోయాం. వెదురుతో కట్టిన పెద్ద చక్రాలు, మనిషికి రెండింతల ఎత్తు. ఏటి ఉరవడికి తిరుగుతుంటాయి. అంచున కట్టిన వెదురు గొట్టాలు కింద మునిగి నీళ్లు నింపుకుని పైకెళ్లి దోనెలో ఒంపుతాయి. దోనెలోంచి మళ్లలోకి.

“దీన్ని తిప్పేదెవురక్కా?”

“ఎవరూ లేరు. నీళ్లే.”

ఆమె బండ మీద కూర్చుంది. చేతులు ఒళ్లో పెట్టుకుంది. నేను వాచీ చూసుకున్నాను, తొమ్మిదింబావు. పదకొండైనా లేవలేదు. నేను లేపలేదు. చక్రం కిర్రుమంటూ తిరుగుతూనే ఉంది.

“అక్కా,” అంది చివరికి, ఏటి వైపే చూస్తూ. “ఆ పడవ నువ్వు సూడల్లంటే పోదాం. లేదంటే ఇంగ రెండు దినాలు ఈడనే ఉంటే ఏమన్నా అయితాదా?”

పంతొమ్మిదేళ్లలో ఆమె నన్ను బోలెడు అడిగింది, ఫారాలు నింపమని, కాగితాలు చదివి చెప్పమని. తనకు ఇది కావాలని ఎన్నడూ అడగలేదు. వ్యాను వాళ్లకు హోవా చేత ఫోన్ చేయించాను. పడవ డబ్బు మాత్రం పోయింది.

ఆ సాయంత్రం భోజనానికి రమణమ్మ చాప చివరికే నడిచింది. గిన్నె అక్కడ లేదు. బా దాన్ని తన మోకాలి పక్కకు లాక్కుని కూర్చుంది. ఫ్రెంచామెకూ తనకూ మధ్య ఖాళీగా ఉన్న చోటును అరచేత్తో రెండుసార్లు తట్టింది. హోవా ఏదో అంటే ముసలామె చిన్నగా కసిరింది. రమణమ్మ నా వైపు చూసింది. కూర్చోమన్నాను. బా మొదటి గిన్నె నింపింది రమణమ్మకే. చేప ముల్లు తీసి అందులో పెట్టింది. గిన్నె ఖాళీ అయ్యేలోపే మళ్లీ చెయ్యి చాపింది.

రమణమ్మ తల వంచుకునే తింది. చేతులు కడుక్కునేటప్పుడు నాతో అంది, “మామా వంటింట్లో కుర్చీ ఉండాదక్కా. నేనే కూచ్చోను. నిలబడే తింటా. ఎవురూ వద్దన్లా.”

ఆఖరి రోజు ఉదయం మంచు లోయలోంచి లేచి ఇంటి కప్పుల మీదుగా పోతుంటే నేనొక్కదాన్నే చూశాను. ఆరయింది. ఆరున్నరయింది. దోమతెరలో రమణమ్మ నిద్రపోతూనే ఉంది. ఏడూ పదికి లేచి, అంత పొద్దెక్కిందా అని సిగ్గుపడింది. ఇంత అందమైన చోట సూర్యోదయం ఎవరైనా పోగొట్టుకున్నందుకు నాకు సంతోషం కలగడం అదే మొదలు.

అక్కడికి వెళ్లాలనుకునేవాళ్లకు నేను చెప్పేది ఇదే. కళ్లతో చూడడానికి రెండు రాత్రులు నిజంగానే చాలు. జలపాతం, చక్రాలు, మళ్లు, అన్నీ అయిపోతాయి. చేతులు ఊరుకోవడానికి మాత్రం మూడో రోజు కావాలి. నాలుగోది దాని మీద లాభం.

దోహా నుంచి కువైట్ విమానంలో తినేసిన ట్రే ముందు పెట్టుకుని రమణమ్మ కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. ఆ ట్రే తీసుకోవడానికి మనిషి వచ్చేదాకా ముట్టుకోలేదు. ఆ మనిషి వెళ్లాక, “డిసెంబరు దాకా ఉంటా, అక్కా,” అంది. “కొత్తగా వచ్చే పిల్లకు పెద్దామె పనంతా నేర్పిచ్చి పోతా. ఏ పక్క తిప్పి పండుకోబెట్టల్లనో, ఏది పెడితే మింగుతాదో అన్నీ.”

“చేతులు తీట పెడితే?”

“పెట్టనీ. మూడు దినాలే గదా.”

ఉదయం ఆరింటికి కువైట్‌లో దిగాం. సామాను కోసం నిలబడినప్పుడే ఆమె మామాకు ఫోన్ చేసింది. వచ్చీరాని అరబ్బీలో, తడబడకుండా చెప్పింది. డిసెంబరు, తర్వాత ఖలాస్.  అటునుంచి మామా ఒక్కటే అడిగింది, అమ్మకు నువ్వే చెబుతావా అని. చెప్తానంది. అప్పుడు మాత్రం కళ్లు తుడుచుకుంది.

బయట ఆ ఇంటి డ్రైవరు బాషా నిలబడి ఉన్నాడు. అతనిదీ రాయచోటే. “యల్లా, పోదాం పా రమణక్కా, పెద్దామె రాత్రి నుంచి ఏం తినలేదంట,” అన్నాడు.

“పోతాండాం కదా. నేనే తినిపిస్తా. ఇంత పొద్దన్నే వచ్చినావు, నువ్వు మాత్రం ఏం తిన్నావు? టీ తాగి పోదాం.”

అక్కడే ఉన్న టీ కొట్టు ముందు కుర్చీ లాగి కూర్చుంది. అతను నిలబడే ఉంటే ఇంకో కుర్చీ లాగి చేత్తో రెండుసార్లు తట్టింది. బాషా కూర్చున్నాడు. మూడు టీలు తీసుకురావడానికి ఈసారి నేను లేచాను. ఎంతసేపు ఉంటామని ఎవరూ అడగలేదు.