బండి తాగిందా, నేను తాగానా?

రాయపూర్‌లో మైలేజీ అనరు, ఎవరేజ్ అంటారు. "గాడీ కిత్నా ఎవరేజ్ దేతీ హై?" అని అడుగుతారు. లీటరుకు ఎన్ని కిలోమీటర్లు ఇస్తుందని అర్థం. నేను ఐదో తరగతితో బడి మానేసినవాణ్ణి. ఎవరేజ్ అంటే సగటు అనీ, మంచిరోజూ చెడ్డరోజూ కలిపి పంచితే వచ్చేదే సగటు అనీ తర్వాత పాత పుస్తకాలు కొనుక్కుని నాకు నేనే నేర్చుకున్నాను. ఇంగ్లీషులో చదువుకున్న యజమానులకు మాత్రం ఈ సంగతి ఎక్కదు. షోరూంలో చెప్పిన అంకె వాళ్లకు శిలాశాసనం. బండి ఆ అంకె ఇవ్వలేదంటే తప్పు డ్రైవరుది. పెద్ద ఫోర్ వీల్ డ్రైవ్ బండి ఎంత తాగుతుందో ముప్పై ఏళ్లు స్టీరింగ్ పట్టినవాణ్ణి నేను చెబితే వినరు, కాగితం చెబితే వింటారు.

మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే పనికి వచ్చి ఇక్కడి వ్యాగన్ల మరమ్మతు షాపులో ఫిట్టరుగా చేశాడు. నేను లారీ మీద పెరిగాను. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం వచ్చిన కొత్తలో రాయపూర్ శివారు భన్‌పురిలో ఇనుప కడ్డీలు తీసే ఒక ఫ్యాక్టరీ యజమాని దగ్గర కారు డ్రైవరుగా కుదిరాను. అందరూ ఆయన్ని సేఠ్ అనేవాళ్లు. నాకంటే పదిహేనేళ్లు చిన్న. నన్ను కాకా అని పిలిచేవాడు, బాబాయ్ అన్నట్టు. చెడ్డవాడని చెప్పను. నోటికి తాళం లేనివాడు.

సచివాలయం కొత్తగా కట్టిన నయా రాయపూర్‌కి మారాక ఆయన అక్కడి పనులకు తిరగడానికి పెద్ద ఫోర్ వీల్ డ్రైవ్ బండి కొన్నాడు. ఆ రోడ్లు చూసినవాళ్లకు తెలుసు. మా ఇంటి గచ్చు కంటే నునుపు, మైళ్ల కొద్దీ మనిషి కనపడడు. ఆ రోడ్డు మీద తిరగడానికి కొండలెక్కే బండి! కొత్తలో లీటరుకు పదకొండు ఇచ్చింది. ప్రతిరోజూ లాగ్‌బుక్కులో నా చేత్తోనే రాశాను.

రెండో ఏడు సేఠ్ కొడుక్కి సింగారం మీద మనసైంది. ముందు బరువైన ఇనుప బంపరు పెట్టించాడు. పైన సామాన్ల క్యారియరు బిగించాడు, దాని మీద ఏనాడూ ఒక్క సంచి ఎక్కలేదు. నాలుగు చక్రాలకూ లావుగా ఎత్తుగా ఉండే టైర్లు వేయించాడు. బండి ఎక్కాలంటే నా మోకాలు నన్ను తిట్టేది. ఆ నెల నుంచి ఎవరేజ్ ఎనిమిదిన్నరకు పడిపోయింది. పడింది పడినట్టే రాశాను. దొంగనైతే పదకొండు అని రాసుకోవడం నాకు చేతకాదా?

ఒక ఉదయం భన్‌పురి పంపులో డీజిల్ కొట్టిస్తున్నాను. సేఠ్ బండి దిగి ఫోన్ మాట్లాడుతున్నాడు. లెక్కలు చూసే మునీమ్ ముందు సీట్లో లాగ్‌బుక్కు తిరగేస్తున్నాడు. చుట్టూ లారీలు, లారీల నిండా డ్రైవర్లు. మునీమ్ ఏదో అంకె చూపించాడు. సేఠ్ అందరికీ వినపడేట్టు అరిచాడు.

"కాకా, గాడీ పీ రహీ హై, యా తుమ్ పీ రహే హో?"

బండి తాగుతోందా, నువ్వు తాగుతున్నావా అని. పక్క లారీ డ్రైవరు ఊరుకోలేదు. "దోనో మిల్‌కే పీతే హోంగే సేఠ్!" అన్నాడు. ఇద్దరూ కలిసే తాగుతున్నారేమో అని. అందరూ పగలబడి నవ్వారు. రోజూ నాతో బీడీ పంచుకునే పంపువాడు కూడా గొట్టం చేత్తో పట్టుకునే నవ్వాడు.

భన్‌పురిలో డ్రైవరుకు సర్టిఫికెట్లు ఉండవు. పేరుంటుంది. డీజిల్ దొంగ అన్న మాట పొద్దున పంపు దగ్గర పుడితే సాయంత్రానికి ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులన్నీ తిరిగొస్తుంది. ఆ తర్వాత ఎవరూ తాళంచెవి చేతికివ్వరు. అప్పుడు నాకు యాభై ఎనిమిది. నా దగ్గర ఆ పేరు తప్ప ఇంకేం ఉంది?

ఇంటికెళ్లి పీట మీద కూలబడ్డాను. నా భార్య చాటలో బియ్యం చెరుగుతోంది.

"ఏటి మావా, అలగున్నావు? ఒంట్లో తబియత్ ఠీక్ లేదా?"

జరిగింది చెప్పాను. చాట పక్కన పెట్టింది.

"నిజం సెప్పు. ఎప్పుడైనా ఒక్క డబ్బా తీసినావా?"

"నువ్వు కూడానా?"

"నానే ముందడగాల. రేపు గల్లీల ఆడోళ్లు అడిగితే, అడిగినాను, నేదన్నాడు అని సెప్పొద్దా?"

"లేదు. ఒక్క చుక్క లేదు."

"మరిక్కడ కూకుని ఏటి సేస్తన్నావు? ఎల్లి ఆ సేఠ్‌నే అడుగు, నువ్వు తీసినావని సాబిత్ సెయ్యమని, రుజువు సూపమని."

మర్నాడు ఫ్యాక్టరీ ఆఫీసులో సేఠ్ టేబుల్ ముందు నిలబడ్డాను. మాట్లాడుకున్నది హిందీలోనే. ఇక్కడి నుంచి ఎక్కువ భాగం తెలుగులోనే రాస్తాను.

"సేఠ్‌జీ, ట్యాంకు నిండా కొట్టించండి. మూతకు మీ తాళం వేసి, చెవి మీ జేబులో పెట్టుకోండి. మునీమ్‌జీని నా పక్కన కూర్చోబెట్టండి. ఒక రోజు తోలుకొస్తాను. నేను దొంగనని తేలితే పంపు దగ్గరే నా లైసెన్సు చించేస్తాను. కాదని తేలితే నిన్న మీరు నిలబడ్డ చోటే నిలబడి ఆ మాట చెప్పాలి."

"అరే కాకా, నొచ్చుకున్నావా?"

"నొచ్చుకున్నాను."

ఆయన నవ్వి సరేనన్నాడు. తమాషా చూద్దామనుకున్నాడేమో.

డీజిల్ నురగ కక్కుతుంది. గొట్టం ఠక్కుమని ఆగగానే ట్యాంకు నిండిందనుకుంటారు, నిండదు. ఆ పంపులోనే నురగ దిగనిచ్చి, బండిని ఊపి, మళ్లీ కొట్టి, మెడ దాకా డీజిల్ కనపడే వరకు నింపించాను. మునీమ్ కళ్లద్దాలు పైకెత్తి వంగి చూశాడు. తాళం పడింది. చెవి సేఠ్ జేబులోకి వెళ్లింది.

బిలాస్‌పూర్ రోడ్డు పట్టాం. పంపు ఎదురుగానే ఉన్న కిలోమీటరు రాయి దగ్గర బండి ఆపి, ట్రిప్ మీటరు సున్నాకు తెచ్చి, రాయి మీది అంకె మునీమ్ చేతనే రాయించాను. ఏసీ వేయమన్నాడు, సేఠ్ ఎలా పోతారో అలాగే పోవాలని. వేశాను. ధర్సీవా ఊరు దాటాక గొంతు సవరించుకున్నాడు.

"డ్రైవర్ సాబ్, నాకొకటి అర్థం కాదు. నాలుగు చక్రాలు లాగితే భారం పంచుకుంటాయి కదా. డీజిల్ తగ్గాలి."

"మునీమ్‌జీ, ఇద్దరు హమాలీలు మోసే బస్తాను నలుగురు మోస్తే అన్నం ఎంతమందికి వండాలి?"

వేళ్లు మడిచి లెక్కపెట్టాడు. "నలుగురికి."

"అదీ సంగతి. అయినా ఇప్పుడు వెనక రెండే లాగుతున్నాయి. నాలుగూ లాగాలంటే ఇదిగో, గేరు పక్కనున్న ఈ చిన్న కర్ర వేయాలి. అది బురదలోకి. ఈ రోడ్డు మీద దాని సరంజామా అంతా ఊరికే మోసుకు తిరుగుతున్నాం."

"అంటే ఇద్దరు హమాలీలు కూర్చుని తింటున్నారా?"

"కూర్చోవడం కూడా మన భుజాల మీదే."

మునీమ్ నవ్వడం ఆరోజే చూశాను.

రాళ్ల మీది అంకెల ప్రకారం నలభై కిలోమీటర్లు అయ్యే చోట బండి ఆపాను. మీటరు ముప్పై ఆరు చూపిస్తోంది. మునీమ్ మీటరు అద్దాన్ని వేలితో తట్టాడు. మళ్లీ తట్టాడు.

"రాళ్లు తప్పేమో. సర్కారు రాళ్లు."

ఎదురుగా టీ కొట్టుంది. అక్కడ చెట్టు నీడన గట్టి నేల. సేఠ్ కొడుకు నాలుగు చక్రాలకే కొత్త టైర్లు వేయించాడు. వెనక తలుపుకు బిగించిన స్టెప్నీని ముట్టుకోలేదు. అది బండితో వచ్చిన పాత సైజే. బండి కడిగేటప్పుడు అది నా కంట్లో పడింది, మనసులో పెట్టుకున్నాను. ఇప్పుడు దాన్ని విప్పి దించాను. నేల మీద ఒక గీత గీసి, స్టెప్నీ మీద సున్నంతో చుక్క పెట్టి, చుక్క కింద గీత ఉండేలా నిలబెట్టాను.

"మీరే దొర్లించండి మునీమ్‌జీ. నా చెయ్యి తగిలితే మీకు అనుమానం."

ఆయన ధోవతి ఎగగట్టి, చక్రాన్ని పిల్లాణ్ణి నడిపించినట్టు రెండు చేతులా పట్టుకుని దొర్లించాడు. చుక్క మళ్లీ కిందికి వచ్చిన చోట గీత గీశాం. తర్వాత బండి చక్రానికి చుక్క పెట్టి, అదే గీత మీద నుంచి నేను బండిని అంగుళం అంగుళం జరిపాను. ఆయన నేల మీద మోకాళ్లూని, "చలో, చలో, ఔర్, బస్!" అని అరిచాడు. బండి చక్రం ఒక్క చుట్టుకే స్టెప్నీ ఆగిన గీతను దాటి జానెడు పైన ముందుకు పోయింది.

టీ కొట్టువాడు కెటిల్ వదిలేసి వచ్చాడు. "ఏం వెతుకుతున్నారు బాబూ, నిధా?" అన్నాడు.

"మీటరు కిలోమీటర్లు లెక్కపెట్టదు మునీమ్‌జీ," అన్నాను, "చుట్లు లెక్కపెడుతుంది. ఒక్కో చుట్టుకు పాత టైరు ఎంత పోయేదో అంతే పోయిందనుకుంటుంది. ప్రతి చుట్టులో జానెడు దూరం దానికి తెలియకుండానే పోతోంది." ఇది నాకు ఏ కాలేజీ చెప్పలేదు. వ్యాగన్ చక్రం అరిగితే అంతే దూరానికి ఎక్కువ చుట్లు తిరగాలని నాన్న అన్నం తింటూ చెప్పేవాడు. దాన్నే తిరగేశాను.

తిరిగి అదే పంపుకు వచ్చాం. సేఠ్ మనిషి చెవి తెచ్చి తాళం తీశాడు. నురగ దిగేదాకా ఆగి మెడ దాకా నింపితే ఎనిమిదిన్నర లీటర్లు పట్టింది. మీటరు మీద డెబ్బై రెండు, రాళ్ల మీద ఎనభై. మునీమ్ అక్కడే బానెట్ మీద లాగ్‌బుక్కు పెట్టి భాగించాడు. మీటరు ప్రకారం ఎవరేజ్ ఎనిమిదిన్నర. నేను రోజూ రాసిందీ అదే. తాళం వేసిన ట్యాంకుతో, ఆయన పక్కన కూర్చుండగా వచ్చిందీ అదే. రాళ్ల ప్రకారం తొమ్మిది దాటింది.

"మరి పదకొండుకు తక్కువ పడ్డది?"

"బంపరు బరువు. టైర్ల బరువు. పైన క్యారియరు గాలికి అడ్డం. ఇంకా కావాలంటే, సేఠ్ సచివాలయం లోపల రెండు గంటలు కూర్చుంటే, సీటు చల్లగా ఉండాలని బయట నేను ఇంజన్ ఆపకుండా ఏసీ వేసి ఉంచుతాను. ఆ రోజుల్లో ఎవరేజ్ ఇంకా పడుతుంది. అదీ రాయండి."

రాశాడు. పేజీ కింద తన సంతకం కూడా పెట్టాడు.

మర్నాడు సేఠ్ ఆ పేజీ చూసి లాగ్‌బుక్కు మూసేశాడు. "ఛోడో కాకా, మజాక్ థా." వదిలెయ్, సరదాకన్నాను అని.

"సరదా అని మొన్న నవ్వినవాళ్లకు చెప్పండి. అప్పటిదాకా ఇది ఇక్కడే ఉంటుంది," అని తాళంచెవి టేబుల్ మీద పెట్టాను.

"నన్ను బెదిరిస్తున్నావా?"

"మాట అడుగుతున్నాను. మీరిచ్చిన మాటే."

గోడ పక్కన నిలబడ్డ మునీమ్, నేను అడగకుండానే, నేల చూస్తూ అన్నాడు: "సేఠ్‌జీ, లెక్క లెక్కే." ఆ మనిషి ఆయనకు ఎదురు చెప్పడం అదొక్కసారే విన్నాను. సేఠ్ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. చెవి నా వైపు తోసి లేచాడు.

పంపు దగ్గర ఆపాను. ఆయన వెనక సీట్లోంచి నాలుగు వేళ్లంత అద్దం దించి, "కాకా సహీ థే," అని గాలికి చెప్పాడు. కాకాదే నిజం అని. ఇంజన్ ఆపాను.

"ఎవరికీ వినపడలేదు సేఠ్‌జీ."

అద్దంలో ఆయన మొహం చూడలేదు. చూస్తే మెత్తబడతానని తెలుసు. తలుపు తెరుచుకున్న చప్పుడైంది. దిగి, పంపువాడి దగ్గరికి నడిచి, మొన్నటి గొంతుతోనే అన్నాడు: "ఈ మనిషి ఒక్క చుక్క తీయలేదు. బండే తాగుతుంది."

పంపువాడు నా వైపు తిరిగి ఇకిలించాడు. "హమన్ తో జానత్ రహేన్ కకా." మాకు తెలుసులే అని, వాళ్ల ఛత్తీస్‌గఢీలో.

"తెలిస్తే మొన్న ఎందుకు నవ్వావు?"

వెనక లారీ హారన్ కొట్టింది. నేను కదల్లేదు. అతను గొంతు తగ్గించి చెప్పాడు: "సేఠ్ నవ్వాడు, మేమూ నవ్వాం."

అది నిజాయితీ ఉన్న జవాబు. బండి స్టార్ట్ చేశాను. కానీ మొన్న అక్కడ నవ్విన లారీ డ్రైవర్లలో ఆ ఉదయం ఒక్కడూ లేడు. నాగ్‌పూర్ వైపో, సంబల్‌పూర్ వైపో లోడుతో వెళ్లిపోయారు. వాళ్లు సేఠ్ అన్న ఆ మొదటి మాటను ఏ ఢాబాలో ఎవరికి చెప్పారో, అక్కడ నేనింకా డీజిల్ దొంగగానే తిరుగుతున్నానో నాకు తెలియదు. అందుకే ఇన్నేళ్లకు ఇదంతా రాసి పెడుతున్నాను. తాగింది బండి.