నేను పట్టనన్న గొడుగు

మా ముత్తాత నరసింగరావు నిజాం కాలంలో పదకొండు ఊళ్లకు జాగీర్దారు. మా తాత కిషన్‌రావు శాలిబండలోని మా దేవిడీ భవంతి దాటి బయటికి అడుగు పెడితే ముందు ఒక నౌకరు, వెనక వెండి కర్ర గొడుగు పట్టుకుని మరొకడు నడిచేవారు. నేను టూర్ మేనేజర్‌ని. పద్నాలుగేళ్లుగా హైదరాబాద్ నుంచి యూరప్‌కు బృందాలను తీసుకెళ్లి తిప్పుకొస్తున్నాను.

నిరుడు వేసవిలో ముప్ఫై ఒక్క మందితో చెక్ రాజధాని ప్రాగ్‌లో ఉన్నాం. పాత చౌరస్తాలో గడియారం చూసి, నది మీది రాతి వంతెన దాటి, ఆవలి ఒడ్డున భోజనం చేయాలి. ఇలాంటి చోట మా పనిలో రెండు నియమాలు. ఒకటి హెడ్‌కౌంట్, అంటే ఆగిన ప్రతిచోటా తలలు లెక్కపెట్టడం. రెండోది గొడుగు. కంపెనీ ఇచ్చిన పసుపు గొడుగును ఎండ ఉన్నా లేకున్నా పైకెత్తి మేనేజర్ ముందు నడవాలి, జనం మధ్య దాన్ని చూసే బృందమంతా వెంట వస్తుంది. నేను మాత్రం దాన్ని మడిచి చంకలో పెట్టుకునేవాణ్ని. ఇంకొకరి కోసం గొడుగెత్తడం మా ఇంట్లో ఎవరి పనో నాకు తెలుసు.

ఆ పని చేసినవాడి కూతురు పురానాపూల్ యాదమ్మ ఆ బృందంలోనే ఉంది. అరవై ఎనిమిదేళ్లు. గుడిమల్కాపూర్‌లో పూల దుకాణం నడిపి కూడబెట్టిన సొమ్ముతో, టీచరైన కూతురు సుజాతను వెంటబెట్టుకుని వచ్చింది. విమానాశ్రయంలో నా పేరు వినగానే, "శాలిబండ దొరోల్ల మనుమలా మీరు?" అని అందరి ముందూ చేతులు జోడించింది. నాకు హాయిగా అనిపించింది.

"దొర ఏందమ్మా? పైసలు కట్టి వచ్చినం. సార్ అంటె చాలు," అంది సుజాత.

గంట కొట్టే వేళకు గడియారం కింద జనం కిక్కిరిశారు. పైన కిటికీల్లో బొమ్మలు ఒక్కొక్కటే వచ్చి పోతుంటే అందరూ ఫోన్లు ఎత్తారు. నేనూ ఫొటో తీయబోయాను, గొడుగు అడ్డమైంది. "యాదమ్మా, ఇది పట్టుకో," అన్నాను. అడిగినట్టు కాదు, చెప్పినట్టు.

"ఇయ్యుండ్రి దొరా, మా బాపు పట్టిందే గద," అని నవ్వుతూ తీసుకుంది. ఫొటో తీశాక నేను దాన్ని తిరిగి అడగలేదు.

చేతులు వెనక్కి కట్టుకుని, వెనక్కి చూడకుండా నడిచాను. వంతెన ఆవల లెక్కపెడితే ముప్ఫై.

"మా అమ్మ ఏది?" అంది సుజాత. యాదమ్మ ఫోన్ సుజాత సంచిలోనే ఉంది. "పొద్దుగాల షుగర్ గోలీ ఏసుకుంది సార్. ఈ టైంకు తినకపోతె కండ్లు తిరిగి పడిపోతది. ఇంత మందిల ఎవరు చూస్తరు? గొడుగు మీ చేతిల ఉండాలె గద!"

మిగతావారిని భోజనానికి కూర్చోబెట్టి ఇద్దరం వెనక్కి పరుగెత్తాం. వంతెన నిండా బొమ్మలు గీసేవాళ్లు, వాయిద్యాలు వాయించేవాళ్లు, సందు లేని జనం. మొదటి కొనలో, రాతి గోపురం దగ్గర, తలల పైన పసుపు గొడుగు కనిపించింది. యాదమ్మ దాన్ని రెండు చేతులా ఎత్తి పట్టుకుంది. మొహమంతా చెమట. ఆమె వెనక ఏ దేశం వారో, ముసలి దంపతులు బుద్ధిగా నిలబడి ఉన్నారు.

"వీళ్లెవరో నా ఎనకవడ్డరు దొరా. పొమ్మంటె పోతలేరు," అంది.

సుజాత ఆమె నోట్లో చాక్లెట్ పెట్టి, "చెయ్యన్న దించొచ్చు గదనే!" అని ఏడ్చింది.

"దించితె దొరకెట్ల కనవడుత? మన పురానాపూల్ వంతెన లెక్కనే ఉందని నదిని చూసుకుంట ఆగిన. మళ్లి చూస్తె మీరు లేరు. బాపు చెప్పెటోడు, దొర కనవడకపోతె ఉన్నకాడనే ఛత్రి ఎత్తి నిలవడాలె, దొరనే ఎతుక్కుంట వస్తడని."

ఆ సాయంత్రం ఇన్సిడెంట్ రిపోర్ట్ రాయాల్సి వచ్చింది. ఎవరైనా తప్పిపోతే, తప్పు ఎవరిదో రాసి కంపెనీకి పంపే కాగితం అది. తప్పు మేనేజర్‌దని తేలితే ఉద్యోగం ఉండదు. కలం పట్టుకుని కదలకుండా కూర్చున్న నా దగ్గరికి యాదమ్మే వచ్చింది.

"ముసల్ది చెప్పిన మాట ఇనలేదని రాయుండ్రి దొరా. నాకేం పోతది?"

రాశాను. ప్రయాణికురాలు సూచనలు పాటించలేదని, నా చేత్తోనే. కింద ఆమె అక్షరాలు కూడబలుక్కుంటూ సంతకం చేసింది.

"మీ తాత గూడ గిట్లనే రాసెటోడా సార్?" అంది సుజాత. నేను కాగితం మడిచి కవర్లో పెట్టాను.

గొడుగు వెనక వచ్చేవాళ్ల కోసమని పద్నాలుగేళ్లు ఈ ఉద్యోగం చేశాక తెలిసింది. ఇప్పుడు నేనే ఎత్తి పట్టుకుంటాను. ఆ రిపోర్టును మాత్రం ఈనాటికీ దిద్దలేదు.

మా తాతగారి గొడుగు ఇంట్లో లేదు. వెండి కర్ర ఊడదీసి మా నాన్నగారు చార్‌కమాన్‌లో వెండి వ్యాపారికి తూకం లెక్కన అమ్మేశారు.