అరవై ఐదు వచ్చిన చెవుల పరీక్ష

పిల్లలూ, బద్వేలులో ఉండే మీ చిన్నత్త కూతురిని చెవుల పరీక్షకు కడప తీసుకెళ్లింది నేనే. అది ఏడో తరగతి. వెనక నుంచి పిలిస్తే పలకదు. ఎదురుగా నిలబడితే మాత్రం పెదవులు చూసి అంతా పట్టేస్తుంది. వినికిడి లోపం ఉందని డాక్టరు సర్టిఫికెట్ రాసిస్తే చెవి మిషన్లు వస్తాయి, పరీక్షల్లో ఎక్కువ టైం ఇస్తారు. రాయకపోతే రెండూ లేవు.

బస్సులో దారి పొడవునా జాగ్రత్తలు చెప్పాను.

"ఒక్కటి గూడా ఇడిసిపెట్టొద్దు పాపా. తెలీకపోయినా ఏదో ఒగటి చెయ్యి."

"సరే అవ్వా."

ఆస్పత్రిలో దాన్ని అద్దాల గదిలో కూర్చోబెట్టి హెడ్‌ఫోన్లు పెట్టారు. శబ్దం వినబడితే చెయ్యెత్తాలి. అద్దానికి ఇవతల పరీక్ష చేసేటాయన బటన్ నొక్కడం, లోపల అది టక్కున చెయ్యెత్తడం. ఒక్కటీ తప్పలేదు. పక్కనున్నామెకు కూడా చూపించి మురిసిపోయాను.

ఆయన కాగితం చూసి నావైపు తిరిగాడు.

"ఏమమ్మా, ఈ పాపకు నాకంటే బాగా ఇనపడతాండాది. ఈడికెందుకు పిల్సకొచ్చినావు?"

ఇక సర్టిఫికెట్ రాదనుకున్నాను. అది మాత్రం వెలిగిపోతూ బయటికొచ్చింది.

"అన్నీ కరెక్టే గదా అవ్వా?"

"నీకు యాడ ఇనపడిందే?"

"ఇనపడేదేంది? ఆయప్ప వేలు చూసి ఎత్తితి."

ఆయన నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకున్నాడు. ఆ తర్వాత నాకు అర్థమయ్యేలా చెప్పాడు. చట్టంలో లెక్కపెట్టేది ఎంత వినికిడి పోయిందనేనట. రెండు చెవుల్లోనూ అరవై నుంచి డెబ్బై డెసిబెల్స్ దాకా పోతే తక్కువ వినబడేవాళ్లు, డెబ్బై, ఆపైన పోతే చెవిటివాళ్లు.

"ఇది మార్కుల పరీక్ష కాదమ్మా. ఇనపడకపోతే చెయ్యెత్తగూడదు."

ఈసారి దాన్ని గోడవైపు తిప్పి కూర్చోబెట్టారు. చెయ్యి లేవడమే అరుదైపోయింది. మధ్యలో వెనక్కి తిరిగి చూడబోతే, "అటు చూడు పాపా!" అని నేనే చేత్తో సైగ చేశాను.

రెండు చెవులకూ అరవై ఐదు వచ్చింది. తక్కువ వినబడే పిల్ల అని రాసి, డాక్టరు సంతకం పెట్టాడు. నేను ఆ కాగితాన్ని కొంగులో చుట్టుకుంటుంటే, అది ఏడుపు మొహం పెట్టింది.

"శానా ఇడిసిపెడితిని అవ్వా. ఇంగొక తూరి రాస్తే డెబ్బై వస్తుందేమో?"

దాని గడ్డం పట్టుకుని నావైపు తిప్పుకుని, పెదవులు బాగా కనబడేలా చెప్పాను.

"వద్దు తల్లీ. నీకు అరవై ఐదే చాలు."