ఫాంగ్ మాస్టారి వంద షౌలు

రోజూ పొద్దున్నే పార్కు బండల మీద ఫాంగ్ మాస్టారు చీపురంత కుంచెను నీళ్లలో ముంచి, దీర్ఘాయువు అని అర్థమొచ్చే ‘షౌ’ అనే చైనా అక్షరం రాస్తాడు. బడి నుంచి రిటైరై పదేళ్లయినా చిటికెన వేలి గోరు పెంచడం మానలేదు. జనానికి గీతలు చూపించేది దానితోనే. పూర్వం కంచు పాత్రల మీద షౌ ఎలా చెక్కేవారో, శవపేటికకూ ఆ పేరే ఎందుకొచ్చిందో చెబుతుంటే నీళ్లు ఆరిపోతాయి, వినేవాళ్లు జారుకుంటారు, ఆయన నోరు మాత్రం మూతపడదు. పక్కింటి లువో అవ్వ ఎనభయ్యో పుట్టినరోజుకి ఎర్ర కాగితం మీద, ఒక్కో కాలంలో ఒక్కోలా రాసిన వంద రకాల షౌలు రాసిస్తానన్నాడు. పుట్టినరోజు వచ్చి వెళ్లింది; మూడేళ్లయినా ముప్పై ఏడు దాటలేదు. “నేనుండగా చూస్తానా మాస్టారూ?” అని అవ్వ అడిగితే, “ఇదేమన్నా నూడుల్స్ ఉడకబెట్టడమా పెద్దమ్మా?” అని విసుక్కునేవాడు.

అవ్వ మొన్న పోయింది. కాటికి తొడుక్కెళ్లే గుడ్డ జోళ్లు ఎప్పుడో తనే కుట్టుకుని దాచుకుంది. చదువు రాని మనిషి, గిన్నెల మీదా దిండ్ల మీదా చూసి నేర్చుకున్న ఒక్క షౌ వాటి మీద దారంతో కుట్టింది. ఖాళీ చేతులతో వచ్చిన మాస్టారు, దండమైనా పెట్టకుండా పేటిక మీదికి వంగి, గోటితో జోడును తట్టాడు.

“పై సగం ఒక కాలానిది, కింది సగం ఇంకో కాలానిది. రెండూ కలిపి అతికించేసింది!”

“మా అమ్మ రాసింది ఒక్కటే మాస్టారూ. పూర్తిగా రాసింది,” అంది కూతురు గుయ్‌లాన్. “జరగండి, మూత వెయ్యాలి.”

మాస్టారు జరిగాడు. జరిగి, మూత మీద చెక్కిన షౌ ఏ కాలం నాటిదో మేకులు కొట్టేవాడికి చెప్పడం మొదలుపెట్టాడు. వాడు సుత్తి ఎత్తాడు.