కొత్తకు ముందే కొరికిన పాట

అరకు స్టేషన్ నుంచి సంతబయలుకు వెళ్లే దారిలో ఫల్గుణ పాటల కొట్టు ఉండేది. కొట్టంటే ఏదో ఊహించుకోకండి. ఒక కంప్యూటరు, రెండు స్పీకర్లు, గోడల నిండా సినిమా పోస్టర్లు, వాటి మధ్య ఎలాగో ఇరుక్కుని కూర్చున్న ఫల్గుణ. అతను లోపలుంటే గిరాకీ బయట నిలబడాల్సిందే.

తొంభైల్లో అతను మైకుసెట్టువాడు. ఏ గూడెంలో పెళ్లయినా ఆంప్లిఫయరు నెత్తిన పెట్టుకుని, బ్యాటరీని కావిడికి కట్టి కొండెక్కేవాడు. కరెంటు లేని ఊళ్లో పాట మోగించినవాడంటే అప్పట్లో మాటలా! పెళ్లికొడుక్కంటే ముందు అతనికే కాళ్లు కడుక్కోను నీళ్లిచ్చేవారు. మైకుల తరవాత క్యాసెట్లొచ్చాయి, క్యాసెట్ల తరవాత సీడీలొచ్చాయి, చివరికి సెల్‌ఫోన్లో గోరంత మెమరీ కార్డు వచ్చింది. కాలం ఎన్ని వేషాలు మార్చినా ఫల్గుణ పాట చెయ్యి వదల్లేదు.

మంచివాడే. ఒక్కటే జబ్బు, ఏ పాటైనా అందరికంటే ముందు తన దగ్గరే ఉండాలి. విశాఖలో నెట్ సెంటర్ నడిపే స్నేహితుడొకడు, ఆడియో ఇంకా విడుదల కాని సినిమాల పాటలు ఎక్కడెక్కడినుంచో దించి పెన్‌డ్రైవ్‌లో వేసి కిరండూల్ పాసింజర్లో పంపేవాడు. సాయంత్రానికల్లా అవి పాడేరు జీపుల్లో మోగేవి.

"సినిమా హీరో ఇనకముందే మా ఫల్గుణన్న ఇంటాడు" అనేవాడు జీపు డ్రైవరు భీముడు. ఆ మాటకు ఫల్గుణ బూరెలా పొంగిపోయేవాడు.

అతని భార్య స్వర్ణకు మాత్రం ఇది నచ్చేది కాదు. "అది దొంగతనం కాదేటయ్యా?" అందొకసారి.

"దొంగతనమంటే ఏటి? ఒకడి కాడ తీసేత్తే ఆడి కాడ ఉండకూడదు. పాట ఆళ్ల కాడా ఉంది, మన కాడా ఉంది. మరి దొంగతనమెలాగవుతాది?"

"నీతో వాదం పెట్టుకుంటే పొయ్యి మీద అంబలి మాడిపోద్ది" అని ఆమె లేచిపోయింది. గెలిచానని మొగుడు మురిసిపోయాడు. మొగుళ్లు గెలిచామనుకునే వాదాలు చాలావరకు అంబలి మాడకుండా ఆగినవే, పాపం వాళ్లకది తెలీదు.

స్వర్ణ చెల్లెలు కనక పాడేరు వైపు ఒక హాస్టల్లో వంట చేసేది. గరిటె తిప్పుతూ పాడితే అన్నం కోసం వరసలో నిలబడ్డ పిల్లలు కంచాలు మోగించడం మానేసేవారట. జానపద సీడీలు అమ్మే శ్రీకాంత్ అనే మైదాన ప్రాంతపాయన ఆ గొంతు విని, ఆమెను విశాఖ తీసుకెళ్లి ఒక చిన్న స్టూడియోలో పాడించాడు. అన్నీ ఆమె కట్టిన పాటలే. వాటిలో ఒకటి అమ్మ పాట.

వాళ్లమ్మ అడ్డాకుల మోపు నెత్తిన పెట్టుకుని సంతకు వెళ్లేది. తిరిగొస్తుంటే పిల్లలిద్దరూ ఎదురుపరిగెత్తి ఏం తెచ్చావని అడిగేవారు. చేతిలో ఏమీ లేనినాడు ఆమె చెప్పే జవాబొకటి ఉండేది. ఆ తల్లి మలేరియాతో పోయాక, కనక ఆ ప్రశ్ననూ జవాబునూ పాట చేసింది. స్టూడియోలో ప్రశ్న పాడింది గానీ, జవాబు దగ్గరకొచ్చేసరికి గొంతు పూడుకుపోయింది.

ఒక శుక్రవారం సంతనాడు కనక కొట్టుకొచ్చి, కొంగులోంచి సీడీ తీసి ఫల్గుణ చేతిలో పెట్టింది.

"బావా, నువ్వొక్కడివే ఇను. అమ్మ పాట మద్దిలో ఆగిపోయింది, అది మల్లా పాడతానంటే శ్రీకాంత్ బాబు సరేనన్నాడు. తక్కినియ్యి ఎలాగున్నాయో నువ్వే సెప్పాల. నీ సెవులంటే నాకు నమ్మకం. మామిడి కొత్త పండక్కి సీడీ వచ్చేత్తాది. అందాకా ఎవులికీ ఇయ్యకు."

"నానేటి సిన్నపిల్లోడినా?" అన్నాడు ఫల్గుణ.

పాటలు కంప్యూటర్లోకి ఎక్కించి మొదటిది పెట్టాడు. సగం కూడా కాలేదు, భీముడొచ్చి గుమ్మంలో నిలబడిపోయాడు. "ఎవులిదన్నా ఈ గొంతు?"

"మా మరదలిది." ఆ రెండు మాటలూ చెప్పేటప్పుడు ఫల్గుణ ముఖం చూడాలి. డబ్బాశ కాదు, పాడు బుద్ధీ కాదు, ఉత్త మురిపెం. ఆ మురిపెంలోనే భీముడి ఫోను కార్డు తీసుకుని పాటలన్నీ ఎక్కించేశాడు. ఒక్కడికే కదా అనుకున్నాడు. ఆ తరవాత సంత గిరాకీలో పడి, కనక వినమన్న మిగతా పాటలు వినడం మరిచిపోయాడు.

జీపు స్టాండులో ఒక ఫోన్నుంచి ఇంకో ఫోనుకు బ్లూటూత్‌లో పాకిపోవడానికి పాటకు ఎంతసేపు కావాలి? వచ్చే సంతకు అరకు నుంచి పాడేరు దాకా ప్రతి జీపులోనూ కనకే. శ్రీకాంత్ ఏదో పని మీద ఆ దారినే వచ్చి, ఎక్కిన జీపులో తను ఇంకా అచ్చువేయించని పాటలు విన్నాడు. ఉన్నపళాన హాస్టలుకెళ్లి, "అందరి దగ్గరా ఉన్నదాన్ని ఎవరు కొంటారమ్మా? మళ్లీ స్టూడియో ఎవరి కోసం తీసుకోను?" అని చేతులెత్తేసి వెళ్లిపోయాడు. ఆయన్ని తప్పుపట్టడానికీ లేదు.

కనక కొట్టుకొచ్చేసరికి స్వర్ణ అక్కడే ఉంది. చెల్లెలి నోట విషయం వినగానే మొగుడి మీద విరుచుకుపడింది.

"పూజారి దిసారి రోజు పెట్టి, దేవతకి పెట్టి, మామిడి కొత్త సేసినదాకా కాయ కొరకవు గదయ్యా! కింద రాలిన పిందె గుంటడెవుడైనా నోట పెడితే కర్రట్టుకుని తరుముతావు. పండాలి, దేవతకి పెట్టాలి, అప్పుడు తినాలి అంటావు. మా సెల్లి పాట మాత్రం పచ్చిగా కొరికేసినావు. కొరికి ఊరంతా పంచినావు!"

ఏ కొత్తా తప్పని మనిషి ఫల్గుణ. కొర్రలకు కొత్త, చిక్కుళ్లకు కొత్త, మామిడికి కొత్త, అన్నిటికీ ఆగుతాడు. పాటకు కూడా ఆగాలని ఎన్నడూ తట్టలేదు. మరదలి వైపు తిరిగి, "పాట నీ కాడే ఉంది గదా కనకా, ఎక్కడికి పోయింది?" అన్నాడు.

"పాట నా కాడే ఉంది బావా. మల్లా పాడే దారే పోయింది" అంది కనక. అరవలేదు. అరిచినా బాగుండేది. "అయినా నానేటి అడిగినాను? ఎలాగున్నాయో సెప్పమన్నాను. ఊరంతా సెప్పింది. నువ్వే సెప్పనేదు."

ఆమె వెళ్లిపోయాక అతను తలుపులు మూసి ఆ పాటలన్నీ కూర్చుని విన్నాడు. అమ్మ పాటలో కనక గొంతు ఆగిపోయినచోట ఏడ్చాడు. అత్తగారు తనకూ అమ్మే కదా. మర్నాడు జీపు స్టాండుకెళ్లి పాటలు తీసెయ్యమని ఒక్కొక్కణ్నీ బతిమాలాడు. అందరూ నవ్వారు. "ఇచ్చినోడివి నువ్వే, తియ్యమన్నోడివీ నువ్వేనేటన్నా!" అన్నారు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏముంది!

మామిడి కొత్తనాడు గూడెంలో పూజయ్యింది. కాయలు కోసి దేవతకు పెట్టి, అందరూ నోట వేసుకున్నారు. చీకటి పడకముందే థింసా ఆట మొదలైంది. మైకు పెట్టింది ఫల్గుణే. ఆడపిల్లలు చేతులు వెనక నుంచి కలిపి వరస కట్టారు. ఏం పాట ఎత్తుకున్నారనుకున్నారు? కనక పాటే. జీపుల్లో విని విని నోటికొచ్చేసింది.

*సంతకెల్లిన అమ్మా, నాకేటి తెచ్చినావే...*

అక్కడిదాకా పాడి ఆడగుంటలంతా ఆగిపోయారు. అడుగులు కూడా ఆపేశారు. రికార్డింగులో అక్కడ గొంతు ఆగుతుంది కాబట్టి, పాటే అంత అనుకున్నారు. ఆ ఆగడాన్ని కూడా ముచ్చటగా నేర్చుకున్నారు. డప్పు కూడా వాళ్ల కోసం ఆగింది. తర్వాత మళ్లీ మొదటినుంచి ఎత్తుకున్నారు, మళ్లీ అక్కడే ఆగారు. ఫల్గుణకు ప్రాణం చచ్చిపోయింది. తను చేసిన పని ఇంతమంది పసిపిల్లల నోట నిలబడి తననే చూస్తున్నట్టయింది. సిగ్గుతో తలెత్తలేకపోయాడు.

మూడోసారి వాళ్లు ఆగినప్పుడు, పక్కన కూర్చున్న కనక లేచింది. మైకు దగ్గరకు రాలేదు. వరసలోకి వెళ్లి, ఇద్దరు గుంటల చేతులు విడదీసి మధ్యలో నిలబడి పాడింది.

*ఏటీ తేనేదమ్మా, నిన్ను సూద్దారని బేగొచ్చినాను.*

గొంతు వణికింది గానీ ఆగలేదు. స్వర్ణ కొంగు నోట్లో కుక్కుకుంది. గుంటలు ఒకరి ముఖమొకరు చూసుకుని, ఆ ముక్క అందుకుని పాడుతూ మళ్లీ అడుగు కదిపారు. ఫల్గుణ చెంపల మీద నీళ్లు కారుతుంటే తుడుచుకోకుండా విన్నాడు.

భీముడు పక్కకొచ్చి ఫోను చాపాడు. "అన్నా, ఇది మన కాడున్న పాట కాదు. ఇందులో ఇంకో ముక్కుంది. బేగి ఇది ఎక్కించీ."

"నా కాడ నేదురా" అన్నాడు ఫల్గుణ. "కనక అక్కడే ఉంది గదా, ఎల్లి అడుగు."