రెండంతస్తుల లాంచీకి పెట్టిన సంతకం

1987 అక్టోబరు మొదటి వారంలో నన్ను భద్రాచలం రేవుకి లాంచీల ఇన్‌స్పెక్టరుగా వేశారు. నాకు పైన అసిస్టెంట్ ఇంజనీరు, ఆయనకు పైన ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు. కింద ఒక అటెండరు. ప్రయాణికుల లాంచీ గోదావరిలో తిరగాలంటే ఏటా మా తనిఖీ జరగాలి. అడుగుభాగం, ఇంజను, చుక్కాని, లైఫ్ బోయలు చూసి, ఎంతమందిని ఎక్కించవచ్చో సర్టిఫికెట్టు మీద రాసి సంతకం పెట్టాలి. ఆ అంకెను లాంచీ పక్కన తెల్లరంగుతో రాయిస్తారు. దాన్ని నిలబడి చదివిన ప్రయాణికులు నా ఉద్యోగమంతా కలిపి పట్టుమని పదిమంది ఉండరు.

జనం లాంచీని ఎలా ఎంచుకుంటారన్నది నాకు మొదటి నుంచీ వింతగా ఉండేది. కార్తీకంలో పాపికొండల వైపు వెళ్లే కుటుంబాలు రేవు మెట్ల మీద నిలబడి బేరమాడేవి. ముందు రంగు చూస్తారు, తర్వాత కుర్చీలు. టేప్‌రికార్డరు ఉందా, భోజనాలు ఎక్కడ వడ్డిస్తారు అని అడుగుతారు. సరంగు ఎవరని మాత్రం అడగరు. సరంగు అంటే చుక్కాని పట్టేవాడు, మొత్తం లాంచీ ప్రాణం అతని చేతిలోనే ఉంటుంది. పెళ్లిసంబంధానికి ఏడు తరాలు ఆరా తీసేవాళ్లు కూడా ఈ ఒక్క ప్రశ్న అడగకుండా లాంచీ ఎక్కేస్తారు. ఖాళీ ఉన్నప్పుడల్లా ఆ బేరాలు వింటూ కూర్చోవడం నాకు అలవాటైంది.

ఆ ఏడు రేవులో కిరాయికి రెండు లాంచీలు ఉండేవి. ఒకటి పాతది, ఒకే అంతస్తు, మసిబారిన రేకుల కప్పు. రెండోది భిక్షపతి అనే ఆయనది. వేరే పాత లాంచీ ఒకదాన్ని కొని, పైన ఇంకో అంతస్తు కట్టించి, నీలం రంగు వేయించాడు. నేను చేరిన పదిరోజులకే దానికి వాలు పరీక్ష చేశాను. మనిషికో బస్తా చొప్పున ఇసుక బస్తాలు కుర్చీల్లో పెట్టి, నిబంధన చెప్పినన్నింటిని ఒక పక్కకు మార్చి, లోపల వేలాడదీసిన గుండు ఎంత పక్కకు జరిగిందో కొలవాలి. తాపీమేస్త్రీ గోడ నిటారుగా వచ్చిందో లేదో చూసుకునే గుండు లాంటిదే అది. లాంచీ హద్దులోనే వాలింది. పై అంతస్తుకు కూడా అనుమతి రాసి సంతకం పెట్టాను.

నవంబరులో సత్తుపల్లి నుంచి సత్యనారాయణ గారనే రైతు మా ఆఫీసుకొచ్చారు. వాళ్ల నాన్న కాలంలో కృష్ణా జిల్లా నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. వెంట భార్య, డిగ్రీ ఆఖరి ఏడు ఫిజిక్సు చదివే కూతురు రమ, ఇంజనీరింగు చదివే కొడుకు కిషోరు ఉన్నారు. బంధువులతో కలిపి ముప్పైమంది దాకా వచ్చి ఊళ్లో దిగారు, పాపికొండలు చూడాలని వాళ్ల కోరిక. అందులో సగం మంది ఇరవైకి అటూ ఇటూ ఉన్న పిల్లలే. ఆయన భార్యకు రాములవారి దర్శనం చాలు, పిల్లలకు లాంచీ కావాలి, అదీ పై అంతస్తుది కావాలి. లేకపోతే ఒక్కడూ రాడని కిషోరు తేల్చేశాడు.

"రెండిట్లో ఏది మంచిదో మీ నోటితో చెప్పండి సార్. బంధువుల పిల్లల్ని తీసుకెళ్తున్నా, రేపు ఏదైనా అయితే వాళ్ల అమ్మానాన్నలకి నేనేం చెప్పుకోను?" అన్నారాయన.

ఇన్‌స్పెక్టరు ఫలానా లాంచీ ఎక్కమని చెప్పకూడదు. రెంటికీ సర్టిఫికెట్టు ఉందని చెప్పి ఊరుకున్నాను. రమ మాత్రం ఊరుకోలేదు. పరీక్ష ఎలా చేశారని అడిగింది. చదువుకున్న పిల్ల కదా అని సంతోషంగా, కాస్త గొప్పగా కూడా, అంతా వివరించాను. అంతా విని, "బస్తాల్ని కొన్నిటినే పక్కకి జరిపారు కదా సార్. కొండలు కనిపించాక మాలో కొంతమందే పక్కకి వెళ్లి, మిగతావాళ్లు కుర్చీల్లో కూర్చుంటారా?" అంది.

నిబంధన అలా ఉందమ్మా అన్నాను. అన్నాక నాకే సిగ్గేసింది. వాళ్లు దర్శనానికి వెళ్లారు. నేను టీ కూడా తాగకుండా రేవుకి దిగి, నీలం లాంచీ సరంగు ముత్తయ్యను పట్టుకున్నాను. అరవై దాటిన మనిషి, కూనవరం వాడు. పైన జనం ఎక్కితే తేడా ఏమైనా తెలుస్తోందా అని అడిగాను.

"తెల్వకేంది సార్. జనం ఒక్క దిక్కుకు ఉరికితే చుక్కాని చేతిల నిలువది. మళ్ల నిటారుగ లేవనీకె జర సేపు పడ్తది," అన్నాడు.

మరి పరీక్ష నాడు నాతో ఎందుకు చెప్పలేదన్నాను.

"మీరు బస్తాలనే చూసిన్రు. నన్ను అడగలే," అన్నాడు.

మర్నాడు పొద్దున అదే లాంచీకి మనుషులతో పరీక్ష పెట్టాను. ఛాతీలోతు నీళ్లలో నిలిపి, ఒడ్డుకు తాళ్లు కట్టించి, వాలడానికి తగినంత వదులు ఉంచాను. ఈత వచ్చినవాళ్లనే ఎక్కించాను. రేవు కూలీలు, రెండు లాంచీల మీద పనిచేసే ఖలాసీలు, ఆ కుటుంబంలో ముందుకొచ్చిన పిల్లలు. పై అంతస్తు కావాలని పట్టుపట్టిన కిషోరుకి ఈత రాదు, ఒడ్డునే ఉండిపోయాడు. సాగర్ కాలవలో ఈత నేర్చుకున్న రమ అందరికన్నా ముందు ఎక్కింది. భిక్షపతి మెట్ల మీద చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "మీరే సంతకం పెట్టిన్రు, మల్ల మీరే పరీక్ష పెడ్తున్రు. ఇదేం న్యాయం సారూ? కార్తీకం పోతే నా సంవత్సరం పోయినట్టే," అన్నాడు. ఆయన మాటలో తప్పు లేదు.

నా ఏర్పాటు పక్కాగా ఉంది. అందరూ పై అంతస్తు మధ్యలో కూర్చోవాలి. నేను పిలిచినప్పుడు ఐదుగురేసి కుడి పక్కకు నడవాలి. ప్రతిసారీ గుండు చూసి నేను రాసుకోవాలి. గుండును పై అంతస్తు మధ్య స్తంభానికి కట్టి, పుస్తకం పట్టుకుని నిలబడ్డాను. ఇంకా మొదటి పిలుపు పిలవలేదు. అంతలో ఎగువ నుంచి, లాంచీకి కుడి పక్కగా, వెదురు తెప్ప ఒకటి వచ్చింది. అడవిలో కొట్టిన వెదుళ్లను కట్టలు కట్టి నదిలో కిందికి తోలుకుపోయేవాళ్లు. మామూలు తెప్పే, కాకపోతే బాగా పొడుగుంది. దాని మీద చిన్న గుడిసె, గుడిసె ముందు పొయ్యి, పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. పక్కన ఒక మేక తాపీగా నిలబడి రేవుకేసి చూస్తోంది.

"అరె, మేక చూడండ్రా," అని ఎవరో అన్నారు.

కాళ్ల కింద పలక జారినట్టయింది. పెద్ద శబ్దంతో ఒడ్డు తాళ్లు బిగుసుకున్నాయి. కింది అంతస్తు అంచు మీంచి నీళ్లు లోపలికి వచ్చి చెప్పులు తేలాయి. ముత్తయ్య కింద నుంచి "ఇటు రాండ్రి, జల్దీ," అని కేకేశాడు. అందరూ వెనక్కి రాగానే లాంచీ కాసేపు ఊగి నిటారుగా నిలబడింది. ఎవరికీ ఏమీ కాలేదు. ఒడ్డున సత్యనారాయణ గారి భార్య మెట్టు మీద కూలబడిపోయింది.

గుండు ఎంత జరిగిందో రాయాలని పుస్తకం తెరిచాను. రాయలేకపోయాను. లాంచీ వాలినప్పుడు నేను గుండు దగ్గర లేను. కుడి పక్క కటకటాలు పట్టుకుని, కూలీల భుజాల మీంచి మేకను చూస్తున్నాను.

అదే రోజు నా సర్టిఫికెట్టును నేనే రద్దు చేసి, కింది అంతస్తుకు మాత్రమే కొత్తది రాసి, పై అంతస్తు ఎక్కరాదని మెట్లకు అడ్డంగా వెదురు కట్టించాను. భిక్షపతి ఆ సీజనంతా నాతో మాట్లాడలేదు. మరుసటి ఏడు పై అంతస్తు తీయించి, ఎండ తగలకుండా కప్పు మాత్రం ఉంచాడు. కింది అంతస్తులో వెళ్లొచ్చని సత్యనారాయణ గారికి చెప్పాను కానీ ఆయన భార్య ఒప్పుకోలేదు. "మెట్లు కనపడుతుంటే మావాళ్లు ఎక్కకుండా ఉండరండీ. అసలు మెట్లే లేనిది మాట్లాడండి," అంది. అందరూ పాత లాంచీలో వెళ్లారు. ఎక్కే ముందు సరంగు ఎవరని సత్యనారాయణ గారు అడగడం నా చెవులతో విన్నాను. ఒక్కడూ రాడన్న కిషోరు కూడా ఎక్కాడు.

పై ఆఫీసు నుంచి నాకు మెమో వచ్చింది. నెల తిరక్కుండానే సొంత సర్టిఫికెట్టును ఎందుకు రద్దు చేశావో సంజాయిషీ రాయమన్నారు. జరిగింది జరిగినట్టు రాశాను. పరీక్ష జరుపుతున్న అధికారి కూడా ప్రయాణికులతో పాటు కుడి పక్కకు పరిగెత్తాడని ఒక వాక్యం చేర్చాను. శాఖ పరువు పోతుంది, ఆ వాక్యం తీసేయమని అసిస్టెంట్ ఇంజనీరు చెప్పారు. నేను తీయలేదు. ఆ తర్వాత ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ బస్తాల పరీక్ష అయ్యాక మనుషుల్ని ఎక్కించి ఇంకోసారి చూసేవాణ్ణి. ముందుగా సరంగును అడిగేవాణ్ణి. గుండు దగ్గర అటెండరును నిలబెట్టి, నేను వెళ్లి ప్రయాణికుల మధ్య కూర్చునేవాణ్ణి.