సక్కా కుడిచెయ్యి

సెలూన్ మిద్హత్‌కి ఎండదెబ్బ తగిలి మతి చెడిందనీ, చౌరస్తాలోని కంచు విగ్రహాన్ని సొంత అన్నగారనుకుంటున్నాడనీ బాగ్దాదు పాతబజారంతా చెప్పుకుంటోంది. శుద్ధ అబద్ధం. మతి నిక్షేపంగా ఉంది. ఉన్న జబ్బల్లా ఒకటే. వేసవిలో మధ్యాహ్నం అజాన్ వినబడగానే, కుర్చీలో ఎవరున్నా వదిలేసి తడి తువ్వాలుతో పరిగెడతాడు. ఆ విగ్రహం పాతకాలంలో ఇంటింటికీ నీళ్లు మోసిన సక్కాది. వీపున తోలుతిత్తి, ముందుకు చాచిన కుడిచెయ్యి. మిద్హత్ ఆ చేతికి తువ్వాలు చుడతాడు.

దాంతో మా బజారులో సగం గడ్డాల మగవాళ్లు మామూలైపోయారు. ఓ జడ్జిగారు ఒక చెంప నున్నగా, రెండో చెంప నురగతో కోర్టుకెళ్లి సాక్షిని గద్దించారట. సాక్షి నవ్వాపుకోలేక నిజం చెప్పేశాడట.

"కంచుకి ఎండేమిటయ్యా?" అని అడిగితే, "దాని బాధ దానిది" అంటాడు.

మా అబ్బాయి సర్మద్ పెళ్లినాడు ఉమ్ సర్మద్‌ని, అంటే వాడి తల్లిని, నేనే సెలూన్‌లో వాడి కుర్చీ పక్కన కాపలా కూర్చున్నాను. ఇంటి ముందు డప్పులు మోగుతున్నాయి. పెళ్లికూతురివాళ్లు ఎదురుచూస్తున్నారు.

"మిద్హత్, ఇవాళ కదిలావంటే ఈ వాడలో ఒక్క గడ్డం కూడా నీ చేతికి చిక్కదు. నా సంగతి తెలుసుగా."

"తెలుసు, ఉమ్ సర్మద్. మీ మాట నా కత్తికన్నా పదును."

అజాన్ వినబడింది. కత్తి బల్ల మీద ఉంది, మిద్హత్ వీధిలో ఉన్నాడు.

"అమ్మా, నా ఎడమ చెంప," అన్నాడు మావాడు.

"ఫొటోలు కుడివైపునుంచి తీయిస్తాలే," అని నేనూ వెంటపడ్డాను.

నమాజు ముగిసేదాకా అతను తువ్వాలు మీద నీళ్లు పోస్తూనే ఉన్నాడు, నేను తిడుతూనే ఉన్నాను. మసీదు తలుపు తెరుచుకోగానే తువ్వాలు లాగేసి, దిమ్మ వెనక నక్కి, "ష్" అన్నాడు.

జపమాలలమ్మే ముల్లా షాకిర్ కర్ర తాటించుకుంటూ వచ్చాడు. పుట్టుగుడ్డి. సక్కా చెయ్యి తడిమి పట్టుకుని, అక్కణ్ణుంచి ఎడమకి తిరిగితేనే అతనికి ఇంటిదారి.

"చూశావా," అన్నాడు పుచ్చకాయల బండివాడితో, "ఎండకి కంచు కాలుతుందంటారు గానీ, నా చేతికెప్పుడూ చల్లగానే ఉంటుంది. సక్కాకి నేనంటే ప్రత్యేకం."

అతను మలుపు తిరిగాక విగ్రహం భుజాన్ని వేలితో ముట్టుకున్నాను. సుర్రుమంది. మిద్హత్ ఆకాశంలోకి చూస్తున్నాడు.

"ఈ ముక్క చెబితే నీ సొమ్మేం పోయింది? ఇంతమందిని సగం గడ్డంతో తిప్పడం దేనికి?" అని నిలదీశాను.

"ఏం చెయ్యను, ఉమ్ సర్మద్? చెయ్యి ఎండలోంచి కాస్త వెనక్కి తీసుకోమంటే ఈ సక్కా వినడు. పదండి, అక్కడ మనవాడి నురగ ఎండిపోతోంది."